ఉమ్మడి అనే ఒక్క మాట

2012 సెప్టెంబరులో నేనొక గాలం కొన్నాను. గాలమంటే చిన్నప్పుడు మా ఊరి కాలవగట్టు మీద వెదురుబద్దకి దారం కట్టి వేసినది కాదు. చక్రం తిప్పితే దారం అదే చుట్టుకునే రకం. దానితోపాటు వాషింగ్టన్ రాష్ట్ర ప్రభుత్వంవారి లైసెన్సు, మోకాళ్ళ పైదాకా వచ్చే రబ్బరు బూట్లు, ఏ నదిలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ చేప పట్టవచ్చో చెప్పే ఒక నిబంధనల పుస్తకం. సాఫ్ట్‌వేర్‌కి మేం రాసే మాన్యువళ్ళు ఎవరికీ అర్థం కావని ఒక అపవాదు ఉంది. ఆ పుస్తకం చూశాక మేమే నయమనిపించింది.

ఆ శనివారం నేనూ, కరీంనగర్ నుంచి వచ్చి మాతోపాటే ఇక్కడ స్థిరపడిన ఒక మిత్రుడూ సియాటిల్‌కి దక్షిణాన నిస్క్వాలీ నది దగ్గరికి వెళ్ళాం. పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా నీళ్ళలో నిలబడితే ఒక్క చేప పడలేదు. దిగువన ఇద్దరు మనుషులు అల్యూమినియం పడవలో వచ్చి, నదికి అడ్డంగా వేసి ఉంచిన వలను లాగుతున్నారు. వలలో చేతంత సాల్మన్లు. మా పుస్తకం ప్రకారం మాకు వల నిషిద్ధం.

"వాళ్ళు ట్రైబల్స్. వాళ్ళ రూల్స్ వేరే" అన్నాడు మిత్రుడు.

"అయితే ఇక్కడ కూడా రిజర్వేషన్లేనన్నమాట" అన్నాను నేను. ఇద్దరం నవ్వుకున్నాం. ఎంసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో హాస్టల్ వరండాలో కూర్చుని నవ్వుకున్న నవ్వే అది. ఇరవై ఏళ్ళు కావస్తున్నా, ఇంత దూరం వచ్చినా, అది అలాగే ఉంది.

తిరిగి వస్తుంటే రోడ్డు పక్కన ఒక పాత ట్రక్కు, వెనక ఐసుపెట్టెలు, అట్టముక్క మీద చేప ధర. ఒక ముసలాయన మడతకుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఖాళీ చేతులతో ఇంటికెళితే మా ఆవిడ ఏమంటుందో తెలుసు కాబట్టి ఆగాం. నన్ను చూసి "ఇండియనా?" అన్నాడు. అవునన్నాను. "నేనూ ఇండియన్నే" అని నవ్వాడు. ఈ హాస్యం ఆయన చాలామంది మనవాళ్ళ దగ్గర ఆడి ఉంటాడు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నన్ను ఇంతకు ముందెవరూ అడగలేదు. "మీది ఏ నది?"

మనల్ని ఎవరైనా ఏ ఊరంటారు, ఏ జిల్లా అంటారు, మరీ చనువుంటే ఎవరి తాలూకు అంటారు. గోదావరి అని చెప్పాను. అందులో మా చేప ఒకటి ఉందనీ, అదీ సాల్మన్ లాగే సముద్రంలో పెరిగి, వరదలప్పుడు గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతూ వస్తుందనీ, సముద్రంలో ఉన్నప్పుడు దాని పేరు వేరు, గోదారి నీళ్ళు తగిలాక పులస అంటామనీ చెప్పాను. పుస్తెలమ్మయినా తినాలన్న సామెత కూడా ఇంగ్లీషులో చెప్పబోయి, పుస్తెలంటే ఏమిటో వివరించలేక వదిలేశాను. గుడ్లు పెట్టాక చచ్చిపోతుందా అని అడిగాడు. లేదు, మళ్ళీ సముద్రంలోకి పోతుందన్నాను. "అయితే మీ చేప మా చేపకంటే అదృష్టమైంది" అన్నాడు. సాల్మన్ పుట్టిన వాగుకే వాసన పట్టుకుని తిరిగి వచ్చి, గుడ్లు పెట్టి, అక్కడే చచ్చిపోతుంది.

చనువు వచ్చింది కదా అని, మాకు గాలమూ మీకు వలా ఏమిటండీ అని అడిగేశాను. ఆయనకి కోపం రాలేదు. "ఆ కాగితం చదువు. చిన్నదే" అన్నాడు. అంతే చెప్పి చేప తూచాడు.

నేను చరిత్రకారుణ్ణి కాను. కానీ ఒక కాగితం మీద ఏం రాశారో, రాసింది ఎలా అమలైందో చూడడం నా వృత్తి. ఆ వారాంతం ఆ కాగితం చదివాను. తర్వాత పన్నెండేళ్ళుగా దాని చుట్టూ ఉన్నవి చదువుతూనే ఉన్నాను.

ఆ కాగితం పేరు మెడిసిన్ క్రీక్ ఒడంబడిక. 1854 డిసెంబరు 26న నిస్క్వాలీ నది సముద్రంలో కలిసే చోట, ఒక వాగు ఒడ్డున, వానలో సంతకాలు జరిగాయి. ఇవాళ మనం పోర్ట్‌లాండ్ వెళ్ళేటప్పుడు ఐ-5 మీద డెబ్భై మైళ్ళ వేగంతో దాటిపోయే చోటుకి అది కూతవేటు దూరం. అటువైపు వాషింగ్టన్ టెరిటరీ మొదటి గవర్నరు ఐజాక్ స్టీవెన్స్. ఇటువైపు నిస్క్వాలీ, ప్యుయాలప్, స్క్వాక్సిన్ మొదలైన తెగల పెద్దలు. స్టీవెన్స్ వెస్ట్‌పాయింట్‌లో తన తరగతిలో మొదటివాడుగా నెగ్గి సైన్యంలో ఇంజనీరు అయినవాడు. గవర్నరు పనితోపాటు రైలుమార్గం సర్వే కూడా ఆయనదే. భూమి ఎంత త్వరగా చేతికొస్తే అంత మంచిదని ఆయన తొందర.

ఆ ఒక్క ఒడంబడికలో తెగలు వదులుకున్న భూమి 22 లక్షల ఎకరాల పైచిలుకు. వాళ్ళకి మిగిల్చినవి ఒక్కొక్కటి 1,280 ఎకరాల చొప్పున మూడు ముక్కలు. ఇచ్చిన సొమ్ము 32,500 డాలర్లు, అదీ 20 ఏళ్ళ వాయిదాల మీద. చర్చలు జరిగింది ఇంగ్లీషులోనూ కాదు, తెగల భాషల్లోనూ కాదు. చినూక్ జార్గన్ అని, బేరసారాల కోసం పుట్టిన కొన్ని వందల మాటల బజారు భాష ఒకటుండేది. కంబళి ఎంత, చేపలెన్ని అనడానికి అది చాలు. రాజ్యాధికారం, స్వాధీనం, హక్కు వంటివి అందులో ఎలా చెప్పారో మనం ఊహించుకోవలసిందే. నిస్క్వాలీల నాయకుడు లెషీ ఆ కాగితం మీద గుర్తు పెట్టాడా, మరెవరైనా పెట్టారా అన్నది నేటికీ తెగని వివాదం. వాళ్ళకిచ్చిన ముక్క నదికి దూరంగా అడవిగట్టు మీద ఉంది. చేపలవాళ్ళని నది లేని చోట కూర్చోబెట్టారు. మరుసటి ఏడాదే యుద్ధం వచ్చింది. ఆ తర్వాత నదిని ఆనుకుని కొంత భూమి ఇచ్చారు గానీ, లెషీని మాత్రం 1858 ఫిబ్రవరి 19న ఉరితీశారు. 2004లో ఈ రాష్ట్రపు న్యాయమూర్తులు కొందరు కలిసి ప్రత్యేకంగా విచారణ జరిపి అతను నిర్దోషి అన్నారు. 146 ఏళ్ళు పట్టింది.

భూమి విషయంలో ఇంత మోసపోయినవాళ్ళు ఒక్క విషయంలో మాత్రం పట్టు వదల్లేదు. తమకు అలవాటైన చోట్లన్నిటిలోనూ, అంటే వదులుకున్న భూమిలో ఉన్న నదుల దగ్గర కూడా, చేపలు పట్టుకునే హక్కు తమదేనని రాయించుకున్నారు. మరో నెల రోజుల్లో ప్యూజెట్ సౌండ్ చుట్టూ స్టీవెన్స్ చేసుకున్న ఒడంబడికలన్నిటిలోనూ ఇదే మాట ఉంది. నియా బే దగ్గర మకా తెగవారితో 1855 జనవరి చివర మాట్లాడినప్పుడు, తనకు సముద్రం కావాలనీ, అదే తన దేశమనీ ఒక పెద్ద చెప్పినట్టు ఆనాటి నమోదుల్లో ఉంది. మన పక్క మాటలో చెప్పాలంటే, చేను పోతే పోయింది, చెరువు ఇవ్వమన్నారు.

ఎందుకు అంత పట్టు? మనకి వరి ఎలాగో వాళ్ళకి చేప అలాగ అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ అదీ సరిపోదు. వరి మనం నాటితే వస్తుంది. చేప దానంతట అది రావాలి. సాల్మన్లలో ఇక్కడ అయిదు రకాలు. చినూక్, సాకై, కోహో, పింక్, చమ్. ఒక్కొక్కటి ఒక్కో కాలంలో వస్తుంది. నిస్క్వాలీలో చమ్ చేపలు అన్నిటికన్నా ఆలస్యంగా, నడి చలికాలంలో వస్తాయి. వచ్చినదాన్ని పొగబెట్టి, ఎండబెట్టి నిలవ చేసుకుంటే రాని నెలలు గడుస్తాయి. మా అమ్మమ్మ వర్షాకాలం కోసం అటక మీద ఎండుచేపలు దాచినట్టే. నదిలో చేప లేని రోజుల్లో సముద్రపు ఒడ్డు ఉంది. ఆటు వచ్చి నీళ్ళు వెనక్కిపోతే బురదలో ఆలిచిప్పలు, పీతలు. ఆటు వస్తే విస్తరి వేసినట్టేనని ఈ తీరంలోని తెగలన్నీ చెప్పుకునే సామెత.

ఏటా మొదట దొరికిన సాల్మన్‌ని ఊరంతా కలిసి అతిథిలా ఆహ్వానిస్తారు. పాటలు పాడతారు, తలా కాస్త పంచుకు తింటారు, ఎముకలను తిరిగి నీళ్ళలో వదులుతారు. మర్యాద చేశారని ఆ చేప వెళ్ళి తనవాళ్ళకి చెబుతుందనీ, అప్పుడే మిగతావి వస్తాయనీ నమ్మకం. కొత్తబియ్యం వండిన రోజున మన ఇళ్ళలో చేసేదానికి ఇది ఎంత దగ్గరో చెప్పనక్కర లేదు. మకా వారు తిమింగలాలు వేటాడేవారు. 1970లో ఒక తుఫాను తీరాన్ని కోసెయ్యగా ఓజెట్ అనే చోట, వందల ఏళ్ళ క్రితం కొండచరియ కూలి బురద కింద పూడిపోయిన ఇళ్ళు బయటపడ్డాయి. పదకొండేళ్ళు తవ్వారు. గాలాలు, బల్లేలు, బుట్టలు, పెట్టెలు అన్నీ కలిపి 55,000కు పైగా వస్తువులు దొరికాయి. 1979 నుంచి అవి నియా బేలో మకా వారి సొంత మ్యూజియంలోనే ఉన్నాయి. పిల్లల్ని తీసుకుని వెళ్ళి చూడండి. డిస్నీలాండ్ తర్వాతైనా సరే.

కాగితం రాసిన రోజుల్లో చేపకి కరువు లేదు కాబట్టి గొడవ రాలేదు. 1877లో ఈ తీరంలో మొదటి డబ్బాల ఫ్యాక్టరీ వచ్చింది. సాల్మన్‌ని డబ్బాల్లో పెట్టి ప్రపంచమంతా పంపడం మొదలయ్యాక నదుల నోళ్ళ దగ్గర పెద్ద పెద్ద మాట్లు, నీటి ఉరవడికి తిరుగుతూ చేపని ఎత్తి పోసే చక్రాలు వెలిశాయి. నది పైన వల వేసేవాడి దాకా చేప రావడం తగ్గింది. కొలంబియా నది దగ్గర అలాంటి చక్రాలు పెట్టిన ఇద్దరు అన్నదమ్ములు, భూమి మాది కాబట్టి రావద్దని యాకమా తెగవారికి దారి మూసేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1905లో కోర్టు చెప్పిన మాట నన్ను కుర్చీలోంచి లేపింది. ఒడంబడిక అంటే ప్రభుత్వం ఇండియన్లకి హక్కులు ఇచ్చింది కాదు, ఇండియన్లే ప్రభుత్వానికి ఇచ్చారు, ఇవ్వకుండా అట్టేపెట్టుకున్నది వాళ్ళదిగానే ఉంటుంది అని దాని సారాంశం. రిజర్వేషన్ అన్న మాటకి ఇక్కడ అసలు అర్థం అది. ఎవరో దయతలచి కేటాయించిన వాటా కాదు, అంతా ఇచ్చేస్తూ తమకని ఉంచుకున్న కాస్త. నది ఒడ్డున నేను నవ్విన నవ్వు ఆ పేజీ దగ్గర గొంతుకి అడ్డం పడింది. మన దగ్గరి రిజర్వేషన్ల చరిత్ర వేరు, దాని తర్కం వేరు. కానీ ఏమీ చదవకుండానే నవ్వడం రెండు చోట్లా ఒక్కటే.

కోర్టు ఎంత చెప్పినా రాష్ట్రం వినలేదు. అలవాటైన చోట్లలో పట్టుకోవచ్చు, కానీ అందరితోపాటు రాష్ట్రం నిబంధనలకు లోబడే పట్టుకోవాలంది. ఆ నిబంధనల్లో నదిలో వల నేరం. సముద్రంలో పెద్ద పడవలతో వల వేసేవాళ్ళకి లైసెన్సులు, నదిలో తాతముత్తాతల నుంచి వేసేవాళ్ళకి సంకెళ్ళు. 1917లో సైనిక శిబిరం కోసం నిస్క్వాలీల రిజర్వేషన్లో మూడింట రెండు వంతులు లాక్కున్నారు. అలా ఇల్లు పోగొట్టుకున్న విల్లీ ఫ్రాంక్ అనే ఆయన నదికి దిగువన ఆరెకరాలు కొనుక్కున్నాడు. దాని పేరు ఫ్రాంక్స్ లాండింగ్. ఆయన కొడుకు బిల్లీ ఫ్రాంక్ జూనియర్ 1931లో పుట్టాడు. 1945 చలికాలంలో, పద్నాలుగేళ్ళ వయసులో, నిస్క్వాలీలో వేసిన వల లాగుతుండగా అధికారులు పట్టుకున్నారు. అది మొదటిసారి. తర్వాత జీవితంలో 50 సార్లకు పైగా అరెస్టయ్యాడు. ప్రతిసారీ నేరం ఒకటే, చేపలు పట్టడం.

1960లలో దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్ళు హోటళ్ళలో కూర్చుని సత్యాగ్రహం చేస్తుంటే ఇక్కడ వీళ్ళు నదిలో వల వేసి సత్యాగ్రహం చేశారు. 1964 మార్చిలో సినిమా నటుడు మార్లన్ బ్రాండో వచ్చి ప్యుయాలప్ నదిలో వల వేసి అరెస్టయ్యాడు. దానితో పేపర్లకెక్కింది. కానీ రోజూ దెబ్బలు తిన్నది ఊరివాళ్ళు. అధికారులు రాత్రిపూట వచ్చేవారు, వలలు కోసేవారు, పడవలు లాక్కునేవారు, ఆడవాళ్ళని జుట్టు పట్టి ఈడ్చారు. 1970 సెప్టెంబరు 9న ప్యుయాలప్ నది ఒడ్డున వేసుకున్న గుడారాల మీద పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో పడ్డారు. 60 మందికి పైగా అరెస్టు. ఆ రోజు అక్కడికి చూడడానికి వచ్చినవారిలో ఫెడరల్ ప్రభుత్వ ప్రాసిక్యూటరు స్టాన్ పిట్‌కిన్ ఒకరు. బాష్పవాయువు ఆయన కళ్ళలోకీ వెళ్ళింది. తొమ్మిది రోజుల తర్వాత అమెరికా ప్రభుత్వం తెగల తరఫున వాషింగ్టన్ రాష్ట్రం మీద కేసు వేసింది. ఆ పొగ అవతలి వైపుకి వీచి ఉంటే ఏమయ్యేదో అని నాకొక్కోసారి అనిపిస్తుంది. కేసు పని అంతకుముందే నడుస్తోందని తెలిసినా ఆ ఆలోచన పోదు.

కేసు టకోమాలో జడ్జి జార్జ్ బోల్ట్ దగ్గరికి వచ్చింది. ఐజెన్‌హోవర్ నియమించిన మనిషి. 1970లోనే వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా ఆందోళన చేసినవాళ్ళని కోర్టు ధిక్కారం కింద జైలుకి పంపిన మనిషి. ఇండియన్లు ఆశపడవలసిన జడ్జి కాదు. 1973 ఆగస్టులో విచారణ మొదలైంది. బార్బరా లేన్ అనే మానవశాస్త్రవేత్త ఒక్కో తెగ గురించి పాత డైరీలూ ఉత్తరాలూ వెతికి, ఎవరు ఎక్కడ ఎలా పట్టేవారో నివేదికలు రాసి ఇచ్చింది. తెగల పెద్దలు వచ్చి తమ తండ్రులూ తాతలూ చెప్పినవి చెప్పారు.

మొత్తం కేసు చివరికి ఒక్క మాట మీద నిలిచింది. ఒడంబడికలో, అలవాటైన చోట్ల చేపలు పట్టే హక్కు టెరిటరీ పౌరులందరితో ఉమ్మడిగా ఇండియన్లకి ఉంటుందని రాశారు. ఆ ఉమ్మడి అంటే ఏమిటి? అందరితోపాటు నువ్వూ గాలం వేసుకో అనడమా, వాటా ఉందనడమా? రాష్ట్రం మొదటిది అంది. మనవాళ్ళకి ఈ ప్రశ్న కొత్తది కాదు. మా తాతలనాటి కొబ్బరితోట ఇద్దరు అన్నదమ్ముల మధ్య ఉమ్మడి. ఉమ్మడి అంటే ఎవడు ముందు చెట్టెక్కితే వాడివి కాయలు అని మా పెదతాత ఒక ఏడాది వాదించాడట. ఊరి పెద్దలు నవ్వి, సగం కాయలు చిన్నవాడి వాకిట్లో పోయించారట. 1974 ఫిబ్రవరి 12న బోల్ట్ చేసింది అదే. ఒడంబడికలు రాసిన నాటికి ఆ మాటకి నిఘంటువుల్లో ఉన్న అర్థమూ, దాన్ని విన్నవాళ్ళు ఎలా అర్థం చేసుకుని ఉంటారన్నదీ చూసి, సమానంగా పంచుకోవడమే ఉమ్మడి అన్నాడు. ఒడంబడిక చోట్లకి వచ్చే చేపల్లో, వంశం నిలవడానికి వదలవలసినది వదిలాక, పట్టదగినదానిలో సగం దాకా తెగలది. అప్పటికి వాళ్ళకి దక్కుతున్నది నూటికి అయిదు. ఎప్పుడు ఎంత పట్టాలో నిర్ణయించడంలోనూ వాళ్ళు రాష్ట్రంతో సమానం.

రాష్ట్రం అట్టుడికింది. బోల్ట్ దిష్టిబొమ్మలు ఊరేగించి ఉరితీశారు. కార్ల వెనక ఆయన పేరు మీద బూతు హాస్యం. తెల్లవాళ్ళ పడవలు తీర్పుని ధిక్కరించి రాత్రుళ్ళు వలలు వేశాయి. అప్పు తెచ్చి పడవ కొనుక్కున్న చిన్న జాలరి కూడా నష్టపోయాడు, అది కాదనలేం. వాళ్ళకి ఆ కాగితం గురించి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. కొంతకాలం చేపలవేట నిర్వహణ మొత్తం కోర్టే చేతిలోకి తీసుకోవలసి వచ్చింది. 1979 జులై 2న సుప్రీంకోర్టు ఆ తీర్పుని దాదాపు యథాతథంగా నిలబెట్టింది. 1994లో మరో జడ్జి, ఆలిచిప్పలూ పీతలూ కూడా చేపల కిందే లెక్క అని, కృత్రిమంగా పెంచినవి మినహా వాటిలోనూ సగమన్నాడు. ఈ ప్రాంతంలో ఇరవై తెగలు కలిసి ఒక చేపల కమిషన్ పెట్టుకుని, తమ జీవశాస్త్రవేత్తలతో లెక్కలు చూసుకుంటున్నాయి. 50 సార్లు అరెస్టయిన బిల్లీ ఫ్రాంక్ 30 ఏళ్ళకు పైగా దానికి అధ్యక్షుడు. ఆయన 2014 మేలో పోయాడు. నేను ఆ ముసలాయన దగ్గర చేప కొన్ననాటికి ఆయన అదే నది ఒడ్డున ఉన్నాడు. కలవవచ్చని నాకు తట్టలేదు.

ఇక్కడితో ముగిస్తే మన సినిమాల్లో లాగా న్యాయం గెలిచింది అనుకుని లేచిపోవచ్చు. కానీ సగం అన్నప్పుడు దేనిలో సగం? 1999 నాటికి ప్యూజెట్ సౌండ్ చినూక్ సాల్మన్ ముప్పులో ఉన్న జాతుల చట్టం కిందికి వచ్చింది. నరికిన అడవులు, కట్టిన ఆనకట్టలు, కాంక్రీటు ఒడ్డులు. ఖాళీ కుండలో సగం వాటా ఇచ్చినా ఏం లాభం? అందుకని 2001లో తెగలు మళ్ళీ కోర్టుకి వెళ్ళాయి, ఈసారి రోడ్ల కింద కల్వర్టుల గురించి. వాగు మీదుగా రోడ్డు వేసేటప్పుడు కింద ఒక గొట్టం పెడతారు. కాలక్రమాన దాని అవతలి కొస నేల కోసుకుపోయి గొట్టం గాలిలో వేలాడుతుంది, లేదా లోపల నీటి వేగానికి చేప ఎదురీదలేదు. అంతే, ఆ పైన ఉన్న వాగంతా చేపకి లేనట్టే. ఇదంతా ఇంజనీర్ల పని, దుర్బుద్ధితో చేసింది కాదు. నీళ్ళు వెళ్ళాలని రాసుకున్నారు, చేప వెళ్ళాలని ఎవరూ రాసుకోలేదు. చేపలు పట్టే హక్కు అంటే చేప రాగలిగే దారి కూడా అని కోర్టు అంది. 2018 జూన్‌లో సుప్రీంకోర్టులో నలుగురు అటు, నలుగురు ఇటు అయ్యి కింది తీర్పు నిలిచింది. 2030 గడువు పెట్టుకుని రాష్ట్రం వందల కోట్ల డాలర్లతో కల్వర్టులు తవ్వి మారుస్తోంది.

2020లో మరో విషయం బయటపడింది. వాన పడగానే సియాటిల్ వాగుల్లో కోహో చేపలు గుడ్లు పెట్టకముందే తిరగబడి చచ్చిపోవడం ఏళ్ళుగా చూస్తున్నారు. కారణం కారు టైర్లు. టైరు పగలకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలో ఓజోన్ తగిలి మరొకటిగా మారుతుంది, రోడ్డు మీద అరిగిన పొడితో కలిసి వాగులో పడుతుంది. నేను రోజూ ఆఫీసుకి నలభై మైళ్ళు పోయి వచ్చినవాణ్ణి. నా వాటా కూడా అందులో ఉంది.

మంచి కబురు లేకపోలేదు. ఒలింపిక్ కొండల్లో ఎల్వా నది మీద 1913లో ఒకటి, 1927లో ఒకటి ఆనకట్టలు కట్టారు. చేప ఎక్కడానికి దారి లేకుండా కట్టారు. లోయర్ ఎల్వా క్లాలం తెగ వారు తరతరాలుగా పోరాడగా 2011 నుంచి 2014 దాకా రెండిటినీ పడగొట్టారు. నీళ్ళు తీసేశాక, తమ జాతి పుట్టిందని వాళ్ళు చెప్పుకునే పవిత్రస్థలం నది అడుగున మళ్ళీ కనిపించింది. 2023 అక్టోబరులో, ఆనకట్టలు పోయాక మొదటిసారి, ఆ తెగవాళ్ళు కాసిని కోహో చేపలు పట్టుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక తమ నదిలో చేప పట్టుకోవడానికి పదేళ్ళకు పైగా ఆగి ఉన్నారు. వల వద్దని వాళ్ళే నిర్ణయించుకుని మరీ.

ఈ సంగతి నాన్నగారికి ఫోనులో చెప్పాను. ఆయనకి నచ్చలేదు. "ఆనకట్ట పడగొట్టడమేంట్రా?" అన్నారు. మా మండలంలో కాటన్ దొర విగ్రహం లేని ఊరు తక్కువ. 1847లో మొదలుపెట్టి 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన ఇంజనీరు ఆయన. దుర్భిక్షాలతో చచ్చిపోతున్న డెల్టాకి అన్నం పెట్టాడు. నా చదువు ఆ కాలవ నీళ్ళ మీదే నడిచింది. ఆయనకి మా ఇంట్లో తద్దినం ఒక్కటే తక్కువ. ఆనకట్ట దగ్గర పులస ఆగిపోతుంది, పైకి పోలేదు, అందుకే దాని కిందనే అంత వేట అన్నాను. అది తెలుసన్నారు. పైన ఉన్న కోయలూ కొండరెడ్లూ ఏమన్నారో ఎవరైనా అడిగారా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "ఎవరడుగుతార్రా" అన్నారు. తర్వాత పోలవరం కింద ఊళ్ళు ఖాళీ చేసిన గిరిజనుల గురించి పేపర్లో చదివింది ఆయనే చెప్పుకొచ్చారు. వాళ్ళ పెద్దలు సంతకం పెట్టి, సగం నాది అని రాయించుకున్న 170 ఏళ్ళ కాగితం వాళ్ళ దగ్గర లేదు. ఫోను పెట్టేసే ముందు, ఈసారి పులస వస్తే ఫ్రీజర్లో పెట్టి ఉంచమంటావా అని అడిగారు.

మొన్న ఏడాది మా ఇంటి దగ్గర రాష్ట్ర రహదారి మీద ఒక కల్వర్టు మార్చడానికి రోడ్డు మూశారు. వారాంతాలు ట్రాఫిక్ ఇరవై నిమిషాలు ఎక్కువ. మా కాలనీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో విసుగు మొదలైంది. పిల్లల భరతనాట్యం క్లాసుకి ఆలస్యమవుతోందని ఒకరు, ఎవరో నాలుగు చేపల కోసం కోట్లు తగలేస్తున్నారని ఇంకొకరు. నేను కూర్చుని, ఈ వ్యాసంలో పదోవంతు అంత, ఆ కాగితం కథ రాసి పెట్టాను. ఇద్దరు బొటనవేలు బొమ్మ పెట్టారు. ఒకాయన, మీరు వామపక్షమా అని విడిగా అడిగారు. మరొకాయన మాత్రం ఆ నిస్క్వాలీ చేప ఎక్కడ అమ్ముతారు, బెండకాయ వేసి పులుసు పెడితే బాగుంటుందా అని అడిగారు. నవంబరు చివర వచ్చే చమ్ అయితే కొవ్వు తక్కువ, పొగబెట్టడానికే బాగుంటుంది, పులుసుకి కోహో తీసుకోండని చెప్పి, ట్రక్కు ఆగే చోటు రాసి పంపాను.